కదిలిన బరువు

పలాస దాటాక యంత్రం వేగం ఇంకా తగ్గించారు. ముందు ఒక పెద్ద బండి రోడ్డు పైపొరల్ని కోసి లేపుకుంటూ పోతోంది. దాని వెనక, ఆ పొరల్ని చదివే యంత్రం లేయర్ రీడర్ మనిషి నడిచేపాటి వేగంతో పాకుతోంది. లేయర్ రీడర్ వెనక రోడ్డు లేదు. ఎర్రమట్టి మాత్రమే ఉంది.

నెల్లూరు అవతలి నుంచి ఇక్కడిదాకా అంతే. అది మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత ట్రంకు రోడ్డు. ఒకప్పుడు దొరల పల్లకీలు, పూరీకి నడిచిపోయే యాత్రికులు, ఆ తర్వాత ఎడ్లబళ్లు, బస్సులు, లారీలు అన్నీ ఆ దారినే పోయాయి. సముద్రం పక్కన కొత్త కారిడార్ వేశాక డ్రైవర్లు లేని సరుకు బళ్లన్నీ అటు మళ్లాయి. పాత రోడ్డు మీద గడ్డి మొలిచింది. దాన్లోని తారు, కంకర తీసి వాడుకుని, నేలను పక్క రైతులకు ఇచ్చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ తవ్వే బండి వెనకే తన యంత్రాన్ని నడుపుకోవడానికి డాక్టర్ నఫీసా అనుమతి సంపాదించింది. ప్రయాణం మొదలై నెల కావస్తోంది. ఇది ఆఖరి రోజు. సాయంత్రానికి కంచిలి దగ్గర పని అయిపోవాలి.

యంత్రం చేసే పని చెప్పుకోవడానికి కష్టమేమీ కాదు. తారు గట్టిగా కనిపిస్తుంది కానీ నిజానికి అది ద్రవమే. చాలా చాలా నెమ్మదిగా కదిలే ద్రవం. దాని మీదుగా చక్రం పోయినప్పుడల్లా లోపలి రాతిపొడి రేణువులు వెంట్రుకవాసి పక్కకు జరుగుతాయి. నాలుగైదేళ్లకోసారి రోడ్డు మీద కొత్త పొర వేస్తారు. అప్పుడు కింది పొరలో ఆ జరిగిన రేణువులు జరిగినట్టే మూతపడిపోతాయి. పొరల్ని జాగ్రత్తగా లేపి ఎక్స్-రే లాంటి కిరణాలతో చూస్తే ఏ బండి, ఎంత బరువుతో, ఎటు పోయిందో తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి లక్షల చక్రాల గుర్తులుంటాయి కదా, అందులో ఒక లారీ ఎలా దొరుకుతుందని అందరూ అడిగేవారు. తిరనాళ్లలో ఎంతమంది పిల్లలు ఏడ్చినా తన బిడ్డ ఏడుపు తల్లికి తెలియదా అనేది నఫీసా.

అలా ఆ యంత్రం వెతుకుతున్న బిడ్డ, ముప్పై ఏళ్ల క్రితం కనబడకుండా పోయిన ఒక ఉప్పు లారీ. దాన్ని నడిపినవాడు కూర్మారావు. కంచిలి పక్క పల్లెటూరివాడు.

అతని భార్య ఢిల్లేశ్వరి, కూతురు హారిక ఈ నెల రోజులూ నఫీసా వెంటే జీపులో వస్తున్నారు. హారిక విశాఖపట్నంలో నర్సు. పాత వాహనాల జాడ కావలసినవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటన వస్తే, తల్లికి చెప్పకుండా ఆమే పంపింది. కూర్మారావు ఆ ఆఖరి ట్రిప్పుకి ముందు ఒకే అచ్చులో కొత్త రబ్బరు పోసిన రెండు రీట్రేడ్ టైర్లు కొన్నాడు. ఒకటి లారీ ముందు చక్రానికి బిగించి, రెండోది ఇంట్లో ఉంచి వెళ్లాడు. ఢిల్లేశ్వరి దాన్లో మట్టి పోసి కనకాంబరాలు పెంచుతోంది. అచ్చు వల్ల రెండు టైర్లకీ అంచున ఒకేలా పడిన లోపమే ఇప్పుడు లారీకి గుర్తు.

ఢిల్లేశ్వరి ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది భర్త మీద ప్రేమతో కాదు. ఆ ఏడాది నెల్లూరు వైపు ఉప్పుమళ్లలో లోడు ఎత్తుకుని బయల్దేరిన మనిషి ఇంటికి రాలేదు. అదే సమయంలో తుఫాను పడింది. తుఫాను వెలిశాక కూడా రాలేదు. లారీ దొరకలేదు, లోడూ దొరకలేదు. లారీ ఓనరు సరుకమ్ముకుని పారిపోయాడని కేసు పెట్టాడు. తునిలో ఆయనకి ఇంకో ఆడమనిషి ఉందని తోటి డ్రైవరెవరో అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి ఢిల్లేశ్వరి దగ్గరికి వచ్చింది. అత్తగారు మాత్రం, నా కొడుకు అలాంటోడు కాడు, పోయే ఉంటాడు, కర్మ చేయిద్దామని ఏడ్చింది. ఢిల్లేశ్వరి ఒప్పుకోలేదు. బతికున్నవాడికి పిండాలు పెట్టేది లేదంది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో వేళ్లు కాల్చుకుంటూ పిల్లను చదివించింది. నాన్న ఏడని హారిక అడిగినప్పుడల్లా ఒకటే జవాబు చెప్పింది. మనల్ని వదిలేసి పోయాడు.

నఫీసాకు కూడా మొదటి రోజే ఆ సంగతి స్పష్టంగా చెప్పింది.

"ఎక్కడ మలుపు తిరిగిపోనాడో ఆ జాగా సూపించండి సాలు. ఆ మనిషి మీద నాకు ఇంకేటీ అక్కర్లేదు."

తుని వచ్చిన రోజున ఆమె పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. లేయర్ రీడర్ తెర మీద సన్నటి పచ్చగీతలాగా లారీ జాడ కనిపిస్తూ ఉంటుంది. తునిలో ఆ గీత రోడ్డు వార ఒకచోట ఆగింది. ఒక మనిషి భోజనం చేసి లేచేంతసేపు ఆగిందని నఫీసా లెక్కగట్టింది. ఆ తర్వాత ఏ సందులోకీ తిరగకుండా తిన్నగా ఉత్తరానికి పోయింది. హారిక తల్లి చేయి పట్టుకోబోతే ఆమె విడిపించుకుంది. తుని కాకపోతే ఇచ్ఛాపురం, ఇచ్ఛాపురం కాకపోతే బరంపురం, మగవాడికి ఊళ్లు తక్కువా అంది. కానీ ఆ రోజు నుంచి ఆమె మాట్లాడటం తగ్గించింది. అనకాపల్లి, విశాఖపట్నం, శ్రీకాకుళం, టెక్కలి ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. పచ్చగీత ఎక్కడా పక్కకు తిరగలేదు.

ఆఖరి రోజు పొద్దున నఫీసా తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి, ఇవాళ ఏదో ఒకటి తేలిపోతుందని చెప్పింది. తుఫానులో పాడైన పలాస-ఇచ్ఛాపురం రోడ్డుకి ఆ వెంటనే కొత్త పొర వేశారు. కాబట్టి ఇక్కడ అలా మూతపడిన పొరలో తుఫాను నాటి గుర్తులే అన్నిటికన్నా పైన, చెదరకుండా ఉంటాయి. లారీ కంచిలి దగ్గర ఇంటి మలుపు తిరిగిందా, తిరగకుండా ఒరిస్సా వైపు సాగిపోయిందా అన్నది సాయంత్రంలోగా తెలుస్తుంది. ఢిల్లేశ్వరి తలూపింది.

పలాస దాటిన కాసేపటికి గీత ఒక పక్కకు వంగడం మొదలైంది. ఎడమ చక్రాల మీద బరువెక్కువ పడుతోందని, కుడివైపు నుంచి, అంటే సముద్రం మీది నుంచి గాలి లారీని తోస్తోందని నఫీసా వివరించింది. అప్పటికే తుఫాను మొదలైంది. వేగం సగానికి పడిపోయింది. మిగతా బళ్లు చాలావరకు ఆగిపోయాయి. లోడుతో ఉన్న ఈ లారీ మాత్రం ఆగకుండా ముందుకు పోతూనే ఉంది.

హారిక తెరకు దగ్గరగా జరిగింది.

"ఆగొచ్చు కదమ్మా. పలాసలో ఆగి తెల్లారి రావొచ్చు కదా."

కూర్మారావు ఆ రోజు మధ్యాహ్నం శ్రీకాకుళంలో ఉన్నానని ఢిల్లేశ్వరికి ఫోను చేసి, సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటానన్నాడు. అదంతా అబద్ధమనే నమ్మి, ఆ మాట ఆమె కూతురికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకొంత దూరం పోయాక, సముద్రం వైపు నుంచి ఒక మట్టిబాట వచ్చి హైవేలో కలిసే చోట, గీత ఆగిపోయింది. నఫీసా యంత్రాన్ని ఆపించింది. తెర మీద ఇప్పుడు ఒక గీత లేదు. ఒకదాని మీద ఒకటిగా చాలా గీతలున్నాయి. చిక్కుపడిన దారంలా ఉన్నాయి. వాటిని విడదీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తవ్వే బండినీ యంత్రాన్నీ ఆ గీతలు పోయినంత దూరం ముందుకు నడిపించి, మళ్లీ మట్టిబాట దగ్గరికి వచ్చింది. రోడ్డు వార పొరలోంచి తీసిన తారు ముక్కను పరీక్ష గొట్టంలో వేసి చూసింది. తర్వాత జీపు దగ్గరికి వచ్చింది. మామూలుగా నిలబడి మాట్లాడే మనిషి, ఈసారి ఢిల్లేశ్వరి పక్కన సీటు మీద కూర్చుంది.

లారీ ఇక్కడ ఆగిందని, ఆగినచోట లోడంతా దింపేశారని చెప్పింది. రోడ్డు అంచున తారులోకి ఉప్పు ఇంకి ఉంది. బస్తాలు బస్తాలుగా కరిగితే తప్ప అంత ఉప్పు ఒక్కచోట ఉండదు. లారీ ఖాళీ అయ్యాక మట్టిబాటలోకి, అంటే సముద్రం వైపు తిరిగింది.

"ఎవులికి అమ్మినాడు?" అని అడిగింది ఢిల్లేశ్వరి.

"అమ్మలేదమ్మా. వానలో పడేశారు. లారీ ఖాళీ కావాలని పడేశారు. మట్టిబాటలో గుర్తులు మిగలవు, అక్కడేం జరిగిందో నా యంత్రం చెప్పలేదు. కానీ కొంతసేపటికి లారీ తిరిగి హైవే ఎక్కింది. ఎక్కినప్పుడు దాన్లో బరువుంది. ఉప్పంత బరువు కాదు. అయితే ఆ బరువు కదిలింది."

హారికకు అర్థం కాలేదు. నఫీసా నెమ్మదిగా చెప్పింది. బస్తాలు ఎక్కించినచోటే ఉంటాయి. గుంటలో పడ్డా, మలుపు తిరిగినా చక్రాలన్నిటి మీదా బరువు పంపకం పెద్దగా మారదు. ఈ బరువు మాత్రం గుంట వచ్చినప్పుడల్లా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగింది, మళ్లీ సర్దుకుంది. అలా సర్దుకునేవి ప్రాణమున్నవే. లారీ నిండా మనుషులున్నారు.

ఆ మనుషులతో లారీ ఉత్తరానికి కొంత దూరం పోయింది. గుట్ట మీద స్కూలుకి ఎక్కే దారి దగ్గర ఆగి ఖాళీ అయింది. వెంటనే వెనక్కి తిరిగింది. డివైడరుకి అవతల దక్షిణానికి పోయే రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి, అందుకే ఎదురుదారిలోనే దక్షిణానికి వచ్చింది. మళ్లీ మట్టిబాటలోకి దిగింది. మళ్లీ బరువుతో ఎక్కింది. మళ్లీ స్కూలు, మళ్లీ వెనక్కి. అలా మూడుసార్లు.

"స్కూలు మా ఊరి వైపేనా?" అంది ఢిల్లేశ్వరి. తనకు తెలియక కాదు.

అటే. స్కూలు నుంచి ఇంటి మలుపు ఇంకెంతో దూరం లేదు. మనుషుల్ని దింపిన ప్రతిసారీ అతను ఇంటికి దగ్గరగా వచ్చాడు. ప్రతిసారీ వెనక్కి తిరిగాడు.

"ఆఖరిసారి?" అని ఢిల్లేశ్వరే అడిగింది.

నఫీసా మట్టిబాట వైపు చూపించింది. ఆఖరి గుర్తు ఖాళీ లారీది. అది దక్షిణానికి వచ్చి సముద్రం వైపు తిరిగింది. ఆ తర్వాత ఈ రోడ్డు మీద ఆ చక్రం గుర్తు లేదు.

జీపు అక్కడే ఆగి ఉండటం చూసి పక్క కాలనీ జనం వచ్చి చుట్టూ చేరారు. తుఫానులో ఊరు కొట్టుకుపోయాక సముద్రం ఒడ్డు నుంచి ఇక్కడికి మారిన చేపలవాళ్లు వాళ్లు. వాళ్లలో యాభై ఏళ్లు దాటిన ఒకతను, ఎర్రయ్య, ఏం వెతుకుతున్నారని హారికను అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే అతని ముఖం మారిపోయింది. తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

అతనికి ఆ లారీ తెలుసు. ఆ సాయంత్రం ఊరి పక్కన పారే గెడ్డ పొంగి ఊరికి దారి మునిగిపోతుంటే, ఎర్రయ్యను వెంటబెట్టుకుని తండ్రి ఈదుకుంటూ హైవే మీదికొచ్చి నడిరోడ్డులో అడ్డంగా నిలబడ్డాడు. నాలుగైదు బళ్లు తప్పించుకుని పోయాయి. ఆ ఉప్పు లారీ ఆగింది. ఉప్పు బస్తాలు దింపడానికి తండ్రితో పాటు ఎర్రయ్యా సాయం పట్టాడు. పిల్లలు, బాలింతలు మొదటిసారి ఎక్కారు. తర్వాత రెండుసార్లు మిగతావాళ్లు. చివర్లో నడవలేని ముసలివాళ్లు నలుగురైదుగురు మిగిలిపోయారు, అందులో ఎర్రయ్య నాయనమ్మ ఒకతె. వాళ్ల కోసం లారీ ఆఖరిసారి గెడ్డలోకి దిగింది. ఆ పూటే సముద్రం ఊరి మీదికి వచ్చింది. ముసలివాళ్లు దొరకలేదు. లారీ కూడా దొరకలేదని ఎవరికీ తెలియదు. అది సర్కారు పంపిన లారీ అని అందరూ అనుకున్నారు. పని అయ్యాక ఎటో పోయి ఉంటుందనుకున్నారు. పేరెవరూ అడగలేదు. వానలో, చీకట్లో, పేరడిగే తీరిక ఎవరికుంది? తర్వాత కలెక్టరు వచ్చినప్పుడు లారీ పంపినందుకు ఆయనకే దండ వేశారు.

ఢిల్లేశ్వరి జీపు దిగింది. ఎర్రయ్య ముందుకు వెళ్లి నిలబడింది. ఆమె నుదుటి బొట్టు వైపు చూసి అతను కళ్లు దించుకున్నాడు.

"ఆ మనిషి ఏటైనా అన్నాడా?" అని అడిగింది.

ఎర్రయ్య తలూపాడు.

"పెతీసారీ ఒకటే మాటమ్మా. బేగి దిగండి, బేగి దిగండి, ఇదొక్కటీ దింపేసి నాను ఇంటికి పోవాల, ఇంటికాడ సిన్నపిల్ల భయపడతాది అని. మూడుసార్లూ అదే అన్నాడు. మూడోసారి దింపినాక తాళం తిప్పి ఇంజను ఆపేసి కాసేపు అలాగే కూకున్నాడు. మళ్లీ రమ్మని మా నాన్న అడగలేదు. ఇంకెవులూ అడగలేదు. ఆయనే మళ్లీ ఎనక్కి తిప్పినాడు."

హారిక రోడ్డు మీదే కూలబడిపోయింది. కాలనీ ఆడవాళ్లు ఇద్దరు వచ్చి ఆమెను పట్టుకున్నారు. ఆ ఇద్దరిలో పెద్దామె, తనను ఆ లారీలోకి ఎత్తి అందించేటప్పటికి కడుపులో ఉన్న బిడ్డకు ఇప్పుడు పెళ్లయి పిల్లలున్నారని చెప్పింది. ఎందుకు చెబుతోందో ఆమెకే తెలియదు. చెప్పి ఏడ్చింది.

ఢిల్లేశ్వరి ఏడవలేదు. ఆ సాయంత్రం తనేం చేస్తోందో ఆమెకు గుర్తుంది. ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మంచం కింద పిల్లను పొట్టకు అదుముకుని పడుకుంది. లారీ చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వస్తాడు, వస్తాడు అని పిల్లకు చెబుతూనే ఉంది. అప్పుడతను అక్కడికి ఒక ఊరి దూరంలోనే, బండిలో తాళం తిప్పి కూర్చుని ఉన్నాడు.

"మంచోడే. లోకానికి మంచోడే," అంది ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "మేమిద్దరం కూడా లోకంలోనే గదా ఉన్నాం."

కాలనీవాళ్లు ఇంటికి రమ్మని బతిమాలారు. కాళ్లకు దండం పెట్టబోయారు. ఆమె వెనక్కి జరిగింది. ఇవాళ వద్దని, ఇంకెప్పుడైనా వస్తానని ఎర్రయ్యకు మర్యాదగానే చెప్పింది.

నఫీసా ఫోను మోగుతూనే ఉంది. ఆఖరి పొర లెక్కలు విశ్వవిద్యాలయానికి అప్పటికే చేరిపోయాయి. ఒక సాక్షి నోటిమాటతో యంత్రం చదివింది చదివినట్టు సరిపోవడం ఇదే మొదటిసారి. ప్రయోగం నెగ్గింది. ఇంకో మూడు రాష్ట్రాలు తమ పాత రోడ్లు చదవమని అడుగుతున్నాయట. ఆమె ఫోను ఆపేసి ఢిల్లేశ్వరి దగ్గరికి వచ్చింది. తన దగ్గర మంచివార్త ఉందని ఆమె నిజంగానే అనుకుంది. కేసు కొట్టేయిస్తారని, కూర్మారావు దొంగ కాదని, మోసగాడు కాదని అందరికీ తెలుస్తుందని, ఇన్నేళ్ల నింద ఇవాళ్టితో పోయిందని చెప్పింది. ఇన్నాళ్లూ మీరు మోసిన కోపం ఇక దించేసుకోవచ్చమ్మా అంది.

ఢిల్లేశ్వరి ఆమె భుజం మీద చేయి వేసింది. కసురుకోలేదు.

"కోపం కాదు డాకటరమ్మా అది. నా మొగుడు. తునిలోనో ఇంకెక్కడో, ఎవులి ఇంట్లోనో, ముసలోడైపోయి, మోకాళ్లు పట్టేసి, కూకుని దగ్గుతా ఉంటాడని అనుకునేదాన్ని. పండగొస్తే ఏటి తింటన్నాడో అనుకునేదాన్ని. సలికాలమొస్తే రగ్గు ఉందో లేదో అనుకునేదాన్ని. తిట్టుకునేదాన్ని, గానీ ఉండేవోడు. ఈ పొద్దుటిదాకా ఉన్నాడు. మీరు సదివినారు. లేకుండా పోనాడు."

నఫీసా చేతిలో ఇంకా ఆ పరీక్ష గొట్టం ఉంది. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

స్కూలు తర్వాత చదవడానికి ఏమీ లేదు. యంత్రాన్ని ఆపేశారు. తవ్వే బండి మిగతా పని మర్నాడు చేసుకుంటానంది. కాబట్టి అక్కడి నుంచి కంచిలి దాకా పాత ట్రంకు రోడ్డు ఇంకా రోడ్డుగానే ఉంది. హారిక జీపు స్టీరింగు పట్టుకుంది, తల్లి పక్కన కూర్చుంది. నఫీసా రాలేదు. ఎదురుగా ఒక్క బండి లేదు. రెండు వైపులా జీడితోటలు, దూరంగా మహేంద్రగిరి. ఎండ తగ్గుముఖం పట్టింది. హారిక కావాలనే నెమ్మదిగా నడిపింది. ఆ కాస్త దారీ ఎంత నెమ్మదిగా పోయినా తొందరగానే అయిపోయింది.

ఊరి మలుపు దగ్గర ఢిల్లేశ్వరి ఆపమంది. ఇద్దరూ దిగారు. ఊళ్లోకి పోతే అందరికీ చెప్పాలి. పంతుల్ని పిలిపించాలి. ముప్పై ఏళ్ల కిందటి చావుకి ఏ తిథి పెట్టాలో అడగాలి. మీ నాయనమ్మ ఆనాడే చెప్పిందని, ఆ ముసలిదాన్ని ఏడిపించానని ఢిల్లేశ్వరి అంది. హారిక ఇప్పుడవన్నీ వద్దంది.

"అమ్మా, నాన్నకి అప్పుడెన్నేళ్లు?" అని అడిగింది హారిక. తండ్రి గురించి ఆమె ఏదైనా అడిగి ఎన్నో ఏళ్లయింది.

ఢిల్లేశ్వరి వేళ్ల మీద లెక్కపెట్టింది. తమ పెళ్లి నుంచి మొదలుపెట్టి, హారిక పుట్టిన ఏడు కలుపుకుని, మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి లెక్కపెట్టింది. ఇన్నేళ్లూ ఆమె మనసులో అతను ఆమెతో పాటే పెద్దవాడవుతూ వచ్చాడు. జుట్టు నెరిసింది, నడుము వంగింది. ఇప్పుడు ఆ ముసలివాడు లేడు. వానలో తడిసి, బండిలో తాళం తిప్పి కూర్చున్న కుర్రవాడొక్కడే మిగిలాడు.

ఆమె కూతురి ముఖంలోకి చూసింది. హారిక చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు రెండు మూడు గాలికి ఎగురుతున్నాయి.

"నీకన్నా సిన్నోడే," అంది.

అని, అప్పుడు ఏడ్చింది. మొగుడి కోసం ఏడ్చినట్టు లేదు అది. చేతికి అందివచ్చిన కొడుకు పోతే తల్లి ఏడ్చినట్టుంది.